పాడేవాడు లేని కచేరీ

రండి, ఇలా మంటకి కాస్త దగ్గరగా జరగండి. చలి ఇంకా ముదరలేదు గానీ, కబుర్లకి నెగడు ఉంటే ఆ సుఖమే వేరు. ఇవాళ ఒక ఆల్బం సంగతి చెబుతాను. ముందే చెప్పేస్తున్నా, అందులో పాట లేదు. పల్లవి లేదు, చరణం లేదు, పాడే మనిషే లేడు. గంటసేపు ముగ్గురు మనుషులు వాయిస్తూనే ఉంటారు. ఒకరిది గిటారు, ఒకరిది బేస్ గిటారు, ఒకరివి డ్రమ్స్. "అంతేనా!" అని లేచిపోకండి. కాసేపాగితే మిమ్మల్ని బస్తరు తీసుకెళ్తాను, తర్రెం దాకా. అక్కడికి వెళ్లొచ్చాక ఈ ఆల్బం మీకు వేరేగా వినిపించకపోతే అప్పుడు తిట్టండి.

ఆ బృందం పేరు ఎర్త్‌లెస్. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం శాన్‌డియాగో వాళ్లది. 2001లో కలిశారు. గిటారు ఐజాయా మిచెల్, బేస్ మైక్ ఎగింటన్, డ్రమ్స్ మారియో రుబల్కాబా. ఈ మారియో ఒకప్పుడు స్కేట్‌బోర్డు మీద విన్యాసాలు చేసి పొట్టపోసుకున్నవాడు. అతని డ్రమ్స్ వింటే ఆ సంగతి ఎవరూ చెప్పకపోయినా అనుమానం వస్తుంది, పడిపోతాడేమో అనిపించే చోటల్లా నిలబడతాడు. 2005లో వీళ్ల మొదటి ఆల్బం 'సోనిక్ ప్రేయర్' వచ్చింది. అందులో ఉన్నవి రెండే ముక్కలు. ఒక్కోటీ ఇరవై నిమిషాలు. మొదటి ఆల్బమే అలా తెచ్చారంటే ఆ ధైర్యానికి దండం పెట్టాలి.

నేను చెప్పబోయేది మాత్రం 2022 జనవరిలో వచ్చినది, 'నైట్ పరేడ్ ఆఫ్ వన్ హండ్రెడ్ డీమన్స్'. నూరు దయ్యాల రాత్రి ఊరేగింపు అన్నమాట. అంతకు ముందు 2018లో 'బ్లాక్ హెవెన్' అని ఒకటి తెచ్చారు. అందులో పాడారు కూడా. బాగానే పాడాడు మిచెల్, కాదనను. కానీ వీళ్లు పాడితే నాకెందుకో తబలా విద్వాంసుడు లేచి ఉపన్యాసం ఇచ్చినట్టుంటుంది. తర్వాత కరోనా వచ్చింది, ప్రపంచంలో కచేరీలన్నీ మూతపడ్డాయి. అంతకాలం వేరే ఊళ్లో ఉంటున్న మిచెల్ శాన్‌డియాగో తిరిగొచ్చాడు. ముగ్గురూ ఒక ఊళ్లో, ఒక గదిలో, తొందర లేకుండా వాయించుకునే వీలు చాన్నాళ్లకి దొరికింది. ఆ తీరికలోంచి వచ్చింది ఈ ఆల్బం. నోరు మళ్లీ మూతపడింది, చేతులు లేచాయి.

పేరులో ఉన్న ఊరేగింపు జపాను వాళ్ల పాత నమ్మకం. కొన్ని రాత్రుళ్లు దయ్యాలన్నీ వరసకట్టి వీధుల్లో నడుస్తాయట. తలుపేసుకుని లోపల ఉన్నవాడు బతికాడు, ఎదురుపడినవాడు పోయాడు, బౌద్ధ మంత్రమేదో కాపాడితే తప్ప. క్యోటోలోని ఒక ఆలయంలో ఈ ఊరేగింపుని గీసిన పాత బొమ్మల చుట్ట ఉంది. నాకు అందులో నచ్చింది కోరలూ కొమ్ములూ కాదు. దయ్యాల్లో సగం పాత సామాన్లే! గొడుగులు, చెప్పులు, కుండలు. మనుషులు వాడి పారేసిన వస్తువులు ప్రాణం పోసుకుని బయల్దేరాయి. వాటిల్లో ఒక వీణలాంటి వాద్యం, కాళ్లూ చేతులూ మొలిచి, ఇంకో పొడుగాటి తీగల వాద్యాన్ని తాడు కట్టి లాక్కుపోతూ ఉంటుంది. వాయించేవాడు లేడు, వాద్యాలే నడిచిపోతున్నాయి. పాడేవాడు లేని ఆల్బానికి ఇంతకంటే మంచి కథ దొరుకుతుందా చెప్పండి.

ఇక సంగీతం. 'జామ్' చేయడం అంటే ఏం రాసుకోకుండా, ఎవరికి తోచింది వాళ్లు వాయించెయ్యడం అనుకుంటారు చాలామంది. అలా వాయించినవీ ఉన్నాయి, వాటిని వినడం కంటే ట్రాఫిక్‌లో నిలబడ్డం నయం. మంచి జామ్‌లో ఎవరో ఒకరు మారకుండా ఉండాలి. ఇక్కడ ఆ పని ఎగింటన్‌ది. నాలుగైదు స్వరాల బేస్ వరస ఒకటి పట్టుకుంటాడు, ఇక వదలడు. ఐదు నిమిషాలు, ఎనిమిది నిమిషాలు అదే. దాని మీద మిచెల్ గిటారు ఎక్కడెక్కడికో పోతుంది, అరుస్తుంది, మూలుగుతుంది, ఉన్నట్టుండి గుసగుసలాడుతుంది. మధ్యలో మారియో ఒక్క విరుపు విరుస్తాడు. అది సైగ. ముగ్గురూ ఒక్కసారి ఇంకో మలుపులోకి దిగుతారు. ఆ మలుపు వచ్చినప్పుడు మీ వెన్ను జలదరిస్తే, ఆ పుణ్యం గిటారుది కాదు. అంతసేపూ మారకుండా ఉన్న బేస్‌ది. ఒకటి చాలాసేపు మారకుండా ఉంటేనే కదా, మారినప్పుడు తెలిసేది!

గిటారు స్వరం అంతసేపు ఎలా సాగుతుందని అడుగుతారేమో. తీగ మీటితే శబ్దం పుడుతుంది, సన్నబడుతుంది, పోతుంది. మన వీణైనా అంతే. ఫజ్ అనే చిన్న డబ్బా ఒకటుంది, కాలితో నొక్కేది. అది శబ్దతరంగం పైకి లేచినచోటల్లా కోసేసి చదును చేస్తుంది. శిఖరాలు పోయాక పెద్ద శబ్దానికీ చిన్న శబ్దానికీ తేడా తగ్గిపోతుంది, స్వరం సన్నబడుతున్నా చెవికి అంత తెలియదు. ఆ గరగర అలా నిలబడే ఉంటుంది. దానికి ప్రతిధ్వని తగిలించి, 'వా' అని నోరు తెరిచి మూసినట్టుండే ఇంకో పెడల్ తగిలిస్తే అరవైల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కో కుర్రకారు తల తిరిగిపోయిన సైకడెలిక్ రాక్ తయారు. దాన్నే బరువుగా, కొండ దొర్లినట్టు వాయిస్తే ఎర్త్‌లెస్. ఇంకో ముచ్చట: ఈ జాతి గిటారిస్టులు పాతకాలపు వాల్వు యాంప్లిఫయర్లంటే ప్రాణం పెడతారు. వాల్వులు వేడెక్కితే గానీ అవి పలకవు. మన డప్పుని మంటకి కాచి చర్మం బిగిస్తే గానీ పలకదు, చూశారా? ఎక్కడైనా ముందు నిప్పు కావాలి.

సరే, నిప్పు మాట వచ్చింది కాబట్టి తర్రెం పోదాం.

ఈ పేరు మీకు కొత్త కాదు. 2021 ఏప్రిల్ 3న ఛత్తీస్‌గఢ్‌లోని తర్రెం పరిసరాల్లో, బీజాపూర్–సుక్మా జిల్లాల సరిహద్దున మావోయిస్టులతో జరిగిన ఎదురుకాల్పుల్లో 22 మంది జవాన్లు చనిపోయారు. మరుసటి నెలలో ఆ దారిలోనే ముందుకెళ్తే వచ్చే సిల్గేర్‌లో భద్రతా దళాల కొత్త క్యాంపు వద్దంటూ వేల మంది గిరిజనులు బైఠాయించారు, అక్కడా కాల్పులు జరిగి మనుషులు పోయారు. మన పత్రికల్లో తర్రెం అంటే తుపాకీ చప్పుడే. దాని గురించి రాసేవాళ్లు రాస్తున్నారు, నా మాట వేరు. ఆ ఊరు మనకి దూరమేం కాదు. బీజాపూర్ నుంచి ఆవపల్లి, బాసగూడ మీదుగా పోతే తర్రెం. బాసగూడ పక్కన పారే తాలిపేరు నదే కిందికి దిగి మన చర్ల దగ్గర ఆనకట్టకి చిక్కి, తర్వాత గోదావరిలో కలుస్తుంది. అక్కడి జనం మాట గోండీ, కోయ. సంతకో, ఆసుపత్రికో చర్ల, భద్రాచలం వస్తే తెలుగు. 2005లో మావోయిస్టులకి ఎదురుగా సల్వాజుడుం దళాలు మొదలయ్యాక ఆ చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యి ఎంతోమంది ఇటు ఖమ్మం అడవుల్లోకి వచ్చిపడ్డారు. మనం గుత్తికోయలంటున్నది వాళ్లనే. కట్టుబట్టలతో వచ్చినవాళ్లు కూడా ఆటా పాటా వదిలి రాలేదు.

తర్రెం ఒక విచిత్రమైన చోట ఉంది, సంగీతం లెక్కన చూస్తే. దానికి ఉత్తరాన, తూర్పున దండామి మాడియా గిరిజనుల అడవిదున్న కొమ్ముల ఆట. దక్షిణాన గోదావరి ఒడ్డున మన కొమ్ము కోయల ఆట. రెండిట్లోనూ మగవాళ్లు తలకి అడవిదున్న కొమ్ములు కట్టుకుంటారు, ఈకలు తురుముకుంటారు. మాడియాలకైతే మొహం మీదికి గవ్వల తెర వేలాడుతుంది. మెడలో పొడుగాటి పెద్ద డోలు, రెండు మొహాలది. ఒక పక్క కర్ర, ఒక పక్క అరచెయ్యి. గుండ్రంగా తిరుగుతూ వాయిస్తారు. మధ్యలో ఇద్దరు దున్నల్లా కొమ్ములు దూసుకుంటారు. ఆడవాళ్లు ఇనప గజ్జెలున్న కర్రలు నేలకి పొడుస్తూ వరసగా అడుగేస్తారు. పెళ్లి అయితే సాయంత్రం మొదలైన మోత ఎప్పుడు ఆగుతుందో చెప్పేవాడు లేడు. దీని గురించి చదవాలంటే పాత పుస్తకాలున్నాయి, గ్రిగ్సన్ 1938లో మాడియాల మీద రాసింది, ఎల్విన్ 1947లో మురియా కుర్రకారు కూడే గోటుల్ మీద రాసింది. కానీ పుస్తకంలో డోలు మోగదు, ఏం చేస్తాం.

ఆ ఆట దగ్గర నిలబడి గమనించండి. మొదటి పది నిమిషాలు కొత్తగా ఉంటుంది. తర్వాత పది నిమిషాలు విసుగు. "అదే దెబ్బ కదా, ఎంతసేపు?" అంటుంది మనసు. పట్నంవాళ్లు చాలామంది ఇక్కడే జీపు ఎక్కేస్తారు. ఆ విసుగు దాటి నిలబడ్డవాడికి అసలు సంగతి మొదలవుతుంది. అదే దెబ్బ కాదని తెలుస్తుంది. ముందున్న డోలువాడు ఎక్కడో అరమాత్ర తొందరపడతాడు, వెనకవాళ్లు పట్టుకుంటారు, గజ్జెల కర్రలు ఆ సందులో పడతాయి, వలయం తిరిగే దిక్కు మారుతుంది. ఎవరూ నోరెత్తి చెప్పరు. ఎగింటన్ బేస్ దగ్గర నేను చెప్పిందే ఇదీ. ఈ సంగీతంలో నిడివి అదనం కాదు, నిడివే వాద్యం. మూడు నిమిషాలకి కుదిస్తే మిగిలేది దాని ఫొటో మాత్రమే.

ఇంకో వింత చెబుతాను. ఉత్తర బస్తరులో, నారాయణపూర్, కొండగావ్ వైపు, దేవుణ్ణి పెన్ అంటారు. ఆంగా అని ఒక రకం దేవుడుంటాడు, దుంగల చట్రం, వెండి బిళ్లలు, నెమలి ఈకలు. మనుషులు భుజాన వేసుకుని తీసుకొస్తారు. జాతరకి ఊరూరి దేవుళ్లూ ఇలా భుజాలెక్కి వచ్చి ఒకరినొకరు చూసుకుంటారు. దేవుడు పూనాడా, ఆ దుంగ మోసేవాళ్లని ఇటు లాగుతుంది, అటు ఊపుతుంది, పరుగెత్తిస్తుంది. ఏ దేవుడి దెబ్బ ఆ దేవుడిదే. డోలు, నగారా, మొహరి అనే సన్నాయి పట్టుకున్నవాళ్లు ఆ ఊపు చూసి వాయించాలి, వేగం పెంచాలి, మార్చాలి. జామ్ భాషలో చెప్పాలంటే సోలో వాయిస్తున్నది దుంగ! వాద్యగాళ్లు తోడు. క్యోటో బొమ్మల చుట్టలో నడిచిపోయే వాద్యాలకీ, నారాయణపూర్ జాతరలో పరుగెత్తే దేవుడికీ చుట్టరికం ఉందని నేను అనను. ఒక పక్క చూస్తే చచ్చే ఊరేగింపు, ఇంకో పక్క చూడ్డానికే జనం వచ్చే ఊరేగింపు. కానీ ఎర్త్‌లెస్ ఆల్బం మొదటి ముక్కలో నెమ్మదిగా, ఎక్కడో దూరాన వస్తున్నట్టు మొదలై, దగ్గరపడే కొద్దీ నేల అదిరే ఆ వరస వింటే నాకు జపాను వీధి కనిపించదు. భుజం మీద ఊగే దుంగ కనిపిస్తుంది.

గోండుల పాత కథలో లింగో ఉన్నాడు కదా, వాళ్ల సంగీతానికి ఆదిగురువు. పద్దెనిమిది వాద్యాలు ఒక్కడే ఒకేసారి వాయించేవాడట. వినడానికి గొప్పగా ఉంది గానీ ఇంట్లో ఏమైందో తెలుసా? అన్నల భార్యలు ఆ వాయింపు వింటూ పనులన్నీ వదిలేసి కూర్చున్నారు. అన్నలకి మండింది. తమ్ముణ్ణి చంపడానికి ఎత్తులు వేశారు. దేవుడి కథే అయినా ఇల్లిల్లూ గుర్తుపట్టే గొడవ. గిటారు నేర్చుకునే కుర్రాడు ఉన్న ఏ ఇంట్లోనైనా అడగండి.

అలాగని మాటలున్న సంగీతం తక్కువని కాదు. మన భద్రాద్రి జిల్లా మణుగూరు దగ్గరి కూనవరంలో సకిని రామచంద్రయ్యగారు ఉండేవారు. కోయ డోలి భుజాన వేసుకుని సమ్మక్క సారలమ్మల కథ కోయలోనూ తెలుగులోనూ చెప్పిన మనిషి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024 జూన్‌లో వెళ్లిపోయారు. ఆయన డోలి కథకి కట్టుబడింది, కథ నడిస్తే నడుస్తుంది, ఆగితే ఆగుతుంది. అదొక విద్య. మాట లేనప్పుడు డోలుకి దారి చూపేది ఇంకో డోలే, అది వేరే విద్య. ఛత్తీస్‌గఢ్‌లో అనూప్ రంజన్ పాండే ఈ రెండో విద్యని ఊళ్లలోంచి ఏరి, 'బస్తర్ బ్యాండ్' పేరుతో వాద్యాలనీ వాద్యగాళ్లనీ ఒకచోట చేర్చాడు. 2019లో ఆయనకీ పద్మశ్రీ వచ్చింది. రాక్ బృందాల మాట 'బ్యాండ్'ని ఆ డోళ్లకి పెట్టడం నాకు భలే నచ్చింది.

కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇదంతా మరీ కొత్త కాదు. స్వరకల్పనలో వయొలిన్ వాళ్లూ గాయకుడూ ఒకరి మీద ఒకరు ఎక్కి దిగడం మనం చూసిందే. కాకపోతే అక్కడ తాళం వేళ్ల మీద లెక్క, ఎత్తుగడకి చేరాల్సిందే. ఇక్కడ ఎప్పుడు తిరిగిరావాలో చూపుతో తేల్చుకుంటారు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఈ రెండు లోకాల్లోనూ తిరిగాడు. కరెంటు మాండలిన్‌కి అయిదు తీగలు పెట్టుకుని, జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి'లో వాయించాడు. మెక్‌లాఫ్లిన్ గిటారు ఒక మాట విసిరితే శ్రీనివాస్ నవ్వుతూ దాన్నే తిప్పి అప్పగించడం చూశారా? చూడకపోతే చూడండి. మాట లేకుండా మాట్లాడుకోవడం అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది.

ఎర్త్‌లెస్ ఆకాశంలోంచి ఊడిపడలేదు. వాళ్ల మొదటి ఆల్బంలో మొదటి ముక్క పేరే జపాను బృందం ఫ్లవర్ ట్రావెలింగ్ బ్యాండ్‌కి నమస్కారం. ఇంకో పెద్దన్న జర్మనీలో ఉన్నాడు, ఆష్ రా టెంపెల్. 1971లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బం కూడా రెండే ముక్కలు, పక్కకొకటి. గిటారు మాన్యుయెల్ గోట్షింగ్, డ్రమ్స్ క్లాస్ షుల్జ్, బేస్ హార్ట్‌ముట్ ఎన్కె. మొదటి పక్క తుఫాను. రెండో పక్క నిజం చెప్పొద్దూ, నాకు సగంలో కునుకు పడుతుంది. గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్ల 'డార్క్ స్టార్' అభిమానులు నన్ను క్షమించాలి, అది కూడా నాకు అంతే. తేలిపోయే సంగీతం కంటే నేలని తొక్కే సంగీతం నాకిష్టం. ఇది రుచి సంగతి, వాదనకి రాకండి.

ఇంటికెళ్లి వినాలనుకుంటే రెండు మాటలు. ఫోను స్పీకరులో వినకండి. ఆ బుల్లి డబ్బాలో బేస్ వినపడదు, బేస్ వినపడకపోతే మిగిలేది పిచ్చి గిటారు. మంచి హెడ్‌ఫోన్సో, ఊరికి వినపడే స్పీకర్లో ఉండాలి. మొదటిసారి గిటారుని పట్టించుకోవద్దు, ఎగింటన్‌ని పట్టుకుని నడవండి. రెండోసారి డ్రమ్స్. గిటారు మూడోసారికి తనంతట తనే అర్థమవుతుంది. విసుగు వచ్చినప్పుడు ముందుకి జరపొద్దు. ఆ విసుగు దాటాకే కదా డోళ్ల దగ్గర మనకి అసలు సంగతి తెలిసింది!

చివరిగా ఒక విన్నపం, ఇది మీలో సభలూ ఉత్సవాలూ నడిపేవాళ్లకి. మంత్రిగారు వస్తున్నారంటే కోయ ఆటగాళ్లని వ్యానులో ఎక్కించి తెస్తారు. ఎండలో రెండు గంటలు నిలబెడతారు. తర్వాత "అయిదు నిమిషాల్లో కానివ్వండయ్యా, టైం లేదు" అంటారు. కొమ్ములు కట్టుకోవడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ అయిదు నిమిషాల్లో వాళ్లు చేసేది ఆట కాదు, ఆట మొదలెట్టే ముందు డోలు సరిచూసుకోవడం. ఉపన్యాసాల్లోంచి రెండు తీసెయ్యండి. వాళ్లకి గంట ఇవ్వండి, వేదిక మీద కాదు, నేల మీద.